కాంపౌండరు చేపల తొట్టి

పళ్ల డాక్టరుతో కాంపౌండరు తగువుపడి గెలవడం క్లినిక్ ఊడ్చే పెద్దావిడ కళ్లారా చూసింది.

"నీ తొట్టిలో ఆ ఒంటికన్ను చేపని అవతల పారేయవయ్యా. పేషెంట్లు అసహ్యపడుతున్నారు" అన్నాడు డాక్టరు.

"మన దగ్గరికొచ్చేవాళ్లలో సగం మందికి పళ్లే లేవు సార్. వాళ్లనీ పారేయమంటారా?"

బెంచీ మీద బుగ్గ వాచిన ముసలాయన నవ్వలేక నవ్వాడు. డాక్టరు నోరు మూసుకుని లోపలికి పోయాడు.

తొమ్మిదేళ్లకి డాక్టరు ఆ క్లినిక్ అమ్మేశాడు. కొన్నవాళ్లు తొట్టిని పట్టుకుపొమ్మన్నారు. మనిషి ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పలేదు. పెళ్లీ పెటాకులూ లేని కాంపౌండరుకి నా అనుకోవడానికి మిగిలినవి ఆ ఐదు చేపలే.

ఆటోలో మూత బిందెలో చేపలు, క్యాన్లలో పాత నీళ్లు. గులకరాళ్లూ, నీళ్లు వడకట్టే స్పాంజీ ఉన్న బకెట్టు పెద్దావిడ ఒళ్లో. అన్నీ అతని అద్దెగదికి చేరాక, "ఈ బకెట్టు ముట్టుకోకమ్మా. తొట్టికి బల్ల తెస్తా" అని వెళ్లాడు.

బకెట్టు గుప్పున కంపు కొట్టింది. చీపురు పట్టిన నాటినుంచి పనిలో ఒకరిచేత మాట పడని మనిషి పెద్దావిడ. ఆ నల్లనీళ్లు తూములో పారబోసింది. సబ్బుపొడి వేసి స్పాంజిని దూదిలా తెల్లగా చేసింది. గులకరాళ్లనీ వదల్లేదు.

అతను వచ్చి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏం చేశావమ్మా?"

"నువ్వు ఇన్నేళ్లూ చేయనిది చేశా."

"ఆ జిగటలో కంటికి కనపడని పురుగులుంటాయమ్మా. చేపల రొచ్చు తిని నీళ్లని బాగుచేసేవి అవే. అవి పోతే ఇవీ పోతాయి."

"కంటికి కనపడనివి నీకెట్లా కనపడ్డాయి?"

డాక్టరు నోరే మూయించినవాడు పెద్దావిడతో తగువుకి దిగకుండా చేపల్ని పాత నీళ్లలోనే వదిలాడు. రోజుకి రెండుసార్లు కొంచెం కొంచెంగా నీళ్లు మార్చాడు. మూడోనాటికి రెండు చేపలు వెల్లకిలా తేలాయి. ఐదోనాటికి ఒంటికన్నుది ఒక్కటే మిగిలి, నీటి పైకి మూతి పెట్టి గాలికోసం కొట్టుకుంది. పెద్దావిడ రోజూ వచ్చి గుమ్మంలో నిలబడేది. తప్పయిందన్న మాట ఆవిడ నోట పుట్టి ఎరగదు. అప్పుడూ పుట్టలేదు.

వారం తిరిగేసరికి అదీ పోయింది. ఆ రోజు అతనే పిలిచాడు.

"లోపలికి రా అమ్మా. ఈ తొట్టి కడిగిపెట్టు. సాయంత్రం కొనేవాళ్లొస్తున్నారు. సబ్బు కొంచెం ఎక్కువే వెయ్యి."