ఆయన పచ్చ అన్నాడు

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చెప్పడానికి రెండు క్షణాలు కూడా పట్టలేదు. మోయడం ఇంత కష్టమని అప్పుడు తెలియలేదు. ఎవరితోనూ అనలేదు, అమ్మతో కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. ఆ ధైర్యంతోనే మొదలుపెడుతున్నాను. మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తే పట్టించుకోకండి. ఆ విద్య నాకు బాగా వచ్చు.

కరీంనగర్ పక్క నుంచి కలకత్తా వచ్చేనాటికి నాకు ఇరవై ఐదేళ్ళు. సాల్ట్ లేక్‌లోని ఆఫీసు భవనాల్లో ఇంటర్నెట్ ఫైబర్ వేసే పని. మామూలుగా దాన్ని తాడులా లాగుతారు. మేము లాగం, ఊదుతాం. ముందుగా భవనమంతా సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు వేసి ఉంచుతారు. ఏడు గొట్టాలు ఒక కట్ట, ఒక్కోటి ఒక్కో రంగు. కింద కంప్రెసర్ పెట్టి గాలి వదిలితే, దారమంత ఫైబర్ ఆ గొట్టంలో తేలుతూ పదో అంతస్తుకు పోతుంది. పాతది అక్కర్లేకపోతే పైన కోసి, మళ్ళీ గాలి పెట్టి బయటికి ఊదేస్తాం. ఇద్దరు చేసే పని. కింద గాలి దగ్గర ఒకరు, పైన గొట్టాలు వచ్చి చేరే పెట్టె దగ్గర ఒకరు, చెవుల్లో ఫోన్లు. గాలి ఎవరి దగ్గరుంటే మాట వాళ్ళది. వాళ్ళు చెప్పనిదే పైనున్నవాళ్ళు కత్తెర ఎత్తకూడదు.

గాలి దగ్గర ఉండేది సింహాచలం అన్న. తాత రైల్వేలో పనికని శ్రీకాకుళం నుంచి వస్తే, ఈయన కలకత్తా పక్కనున్న సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలోనే పుట్టాడు. యాభై దాటిన మనిషి. బడి చదువంతా హిందీలో. తెలుగు మాట్లాడటమే కానీ ఒక్క అక్షరం చదవడం రాదు. అందరూ ఆయన్ని దాదా అనేవారు, నేనొక్కదాన్నే అన్నా అనేదాన్ని. ఆయన తెలుగు, నా తెలుగు రెండు ఊళ్ళవి. నేను "గట్లనా" అంటే ఆయన నవ్వేవాడు, ఆయన "ఏటి" అంటే నేను నవ్వేదాన్ని. ఆ ఊళ్ళో రోజంతటిలో నేను నోరారా మాట్లాడేది ఆయనతోనే. గదికి వెళ్ళాక ఇక ఎవరూ లేరు.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఇది దాచితే ఈ రాతంతా దండగ.

ఆయన పసుపు రంగుని పచ్చ అనేవాడు. ఆకుపచ్చని ఆకురంగు అనేవాడు. మొదటి రోజు తికమకపడ్డాను, రెండో రోజు నుంచి లేదు. ఏడాదిపాటు కొన్ని వందల గొట్టాలు అలాగే కోశాం, ఒక్కటీ తప్పలేదు. అయినా అందులో వింతేముంది? కళ్ళు పచ్చబడితే పచ్చకామెర్లు అని మనం మాత్రం అనమా? నేను ఆ అబద్ధమాడటానికి ముందు రోజు మధ్యాహ్నం ఆయన తన టిఫిన్‌లోని ఉడకబెట్టిన గుడ్డు విప్పి, "పచ్చ నువ్వు తినీ అమ్మా, నన్ను డాట్రు వద్దన్నాడు" అని నా మూతలో వేశాడు. నేను తిన్నాను.

మర్నాడు ఒక కాల్ సెంటర్ భవనంలో పని. పసుపు గొట్టంలో పాత ఫైబర్, తీసేయాలి. దాని పక్కనే ఆకుపచ్చ, అందులో నాలుగో అంతస్తు వాళ్ళ లైను నడుస్తోంది. ఫోన్‌లో అన్న "పచ్చది కోసీ" అన్నాడు. నేను కోశాను.

ఆకుపచ్చది కోశాను.

ఎందుకు? ఎన్నిసార్లు అడిగినా నా దగ్గర గొప్ప కారణం లేదు. చూడలేదు, అంతే. ఆ నెలాఖరుకు నన్ను పర్మనెంటు చేస్తారో లేదో తేలాలి, బుర్రంతా అక్కడే ఉంది. చేయి దానంతటది పోయింది. చేతిలో రెండు ముక్కలు చూశాక తెలిసింది. అప్పటికే నాలుగో అంతస్తులో గోల మొదలైంది.

ఇంతవరకు పొరపాటు. పొరపాటుకి ఎవరూ ప్రాణం తీయరు. తర్వాత చేసినదాన్ని ఏమనాలో నాకు తెలుసు, రాయడానికే చేయి రావడం లేదు.

సైటు మేనేజర్ బెంగాలీ ఆయన. పరిగెత్తుకొచ్చి, ఏం కోయమని చెప్పాడు నీకు అని అరిచాడు. వెనకే సింహాచలం అన్న మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చాడు. పని పోతే నేను, "గోడలెక్కే పని నీకెందుకే" అని తిట్టిన నాన్న ఎదుట మళ్ళీ నిలబడాలి. ఆ భయంలో నోరు తెరిచాను. "శొబుజ్ బోలేఛేన్" అన్నాను. ఆకుపచ్చ అన్నాడు అని.

మేనేజర్ ఆయన వైపు తిరిగి, నువ్వన్న మాటేంటో అదే చెప్పు అన్నాడు. పచ్చ అన్నాను, అన్నాడు ఆయన, ఉన్నదున్నట్టు. ఆ మాటకి అర్థం, ఆయన కాక, తేల్చగలిగినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే.

ఆయన నన్ను చూశాడు. కోపం లేదు. కోపముంటే బాగుండేది.

"ఏటమ్మా, పచ్చంటే అదికాదేటి? రోజూ అలగే కదా అంటాను?"

"పచ్చ అంటే గ్రీనే కద అన్నా. పుస్తకాలల్ల గూడ గట్లనే ఉంటది."

పుస్తకాలు! అక్షరం రాని మనిషి ముందు పుస్తకం తెచ్చి పెట్టాను.

"అలాగా... మాది ఇక్కడ పుట్టిన తెలుగమ్మా. నువ్వు సదువుకున్నదానివి. మాదే తప్పయ్యుంటాది."

అని, మేనేజర్‌కి బెంగాలీలో తప్పు నాదేనని చెప్పాడు.

ఆ వారమే ఆయన్ని పనిలోంచి తీసేశారు. నన్ను పర్మనెంటు చేశారు. వెళ్ళేరోజు ఆయన కంప్రెసర్ పైపు తుడిచి చుట్టిపెట్టి, జాగ్రత్తమ్మా అన్నాడు. నేను తలూపాను. అప్పుడు చెప్పొచ్చు కదా? చెప్పొచ్చు. మర్నాడు ఫోన్ చేసి చెప్పొచ్చు. వారం పోతే ఇంకా తేలికవుతుందనుకున్నాను, నెల పోయేసరికి ఇప్పుడేం చెప్తాంలే అనిపించింది, ఏడాదికి అదొక అలవాటైపోయింది. ఆ తర్వాత గాలి దగ్గర నేనే, పైపెట్టె దగ్గరికి ఎంతమందో వచ్చారు, అందరితో బెంగాలీ, హిందీ. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు లేరా అంటే ఉన్నారు, పండక్కి హాలు తీసుకుని కలుస్తారు కూడా. ఒకసారి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. తెలుగు వినగానే ఆయన గొంతే గుర్తొస్తుంది. ఒక్కదాన్నే తింటాను. గుడ్డు మానేశాను.

మొన్న ఊరికి వెళ్దామని సంత్రాగాఛి స్టేషన్‌లో నిలబడితే ఆయన కనిపించాడు. చిక్కిపోయాడు. క్వార్టర్లలో టీవీ కేబుళ్ళు బాగుచేస్తున్నాడట. పక్కన ఐదారేళ్ళ మనవరాలు. నన్ను చూసి ఎంత సంబరపడ్డాడో చెప్పలేను. పాప చిప్స్ ప్యాకెట్టు కావాలంటే, ఏది, హోలుద్‌టా అని అడిగాడు. పసుపుని బెంగాలీలో అన్నాడు.

పాపకి తెలుగు రాదా అన్నా అన్నాను.

"లేదమ్మా, ఇంట్లో బెంగాలీయే ఇప్పుడు. మాకొచ్చిందే తప్పు తెలుగు. అదే పిల్లలకి నేర్పీసి, రేపు ఎవల దగ్గరో మాట పడాలేటి?" అని నవ్వాడు. ఆ మాట నన్ను అనడానికి అనలేదు, నిజంగానే నమ్మి అన్నాడు.

నేను తీసింది ఆయన ఉద్యోగం ఒక్కటే అనుకుంటూ ఉన్నాను ఇన్నాళ్ళూ. చెప్పేద్దామని అన్నా అని కూడా పిలిచాను. బండి వచ్చింది. ఎక్కేశాను. బండి రాకపోతే చెప్పేదాన్నా? లేదు. అది కూడా రాసుకోండి.

ఇది తెలుగులో రాస్తున్నాను. ఆయన చదవలేడు. ఆ సంగతి తెలిసే ఇంత ధైర్యంగా రాయగలుగుతున్నానేమో కూడా. అయినా ఒక్కరికైనా తెలియాలి. సింహాచలం అన్న తెలుగులో తప్పు లేదు. ఆయన ఏ రంగు చెప్పాడో ఆ రోజే, ఆ క్షణమే నాకు తెలుసు.

ఈ రెండు ముక్కలు కాగితం మీద పెట్టాక కాస్త ఊపిరాడుతోంది. ఆ ఇంట్లో మాత్రం ఈ పూట కూడా అందరూ బెంగాలీలోనే మాట్లాడుకుంటూ ఉంటారు.