నా రొమ్ములో అదిరిన స్తోత్రం

సహోదరులారా, సహోదరీలారా, నేను మరీ గట్టిగా మాట్లాడుతుంటే కోపంలో ఉన్నానని అనుకోకండి, నా గొంతు ఎంత పైకి లేస్తోందో నాకే తెలియదు!

మనం బతకడానికి వచ్చిన ఈ హిందీ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో నాకు పెద్ద జ్వరం వచ్చింది, జ్వరం తగ్గింది గానీ పోయిన వినికిడి మళ్లీ రాలేదు, ఇక రాదని డాక్టర్లు తేల్చి చెప్పేశారు. క్యాంప్ 1లోని ఈ మందిరంలో ఏళ్ల తరబడి పాట మొదలుపెట్టింది నేనే కదా! అలాంటివాణ్ణి మీ నోళ్లు కదలడం చూస్తూ గోడలా కూర్చునేవాణ్ణి. ఒక ఆదివారం మీరంతా పాట ముగించి ప్రార్థనకు తలలు వంచినా నేనొక్కణ్ణే పాడుతూ ఉన్నానట, పిల్లలు నవ్వారు, నా భార్య సుగుణ అరచెయ్యి చాపి ఆపమంది. అది నేను పనిచేసిన ఉక్కు మిల్లులోని సైగ. క్రేను కింద ఆ హోరులో మాటలు పనికిరావు, అరచెయ్యి చాపితే ఆపు, వేలు పైకెత్తి తిప్పితే పైకి లేపు అని అర్థం. చెవులు పోయాక ఇంట్లో ఆమెకు అవే నేర్పాను, కూర చాలనడానికి కూడా అరచెయ్యే!

ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయాను. దేవుడు నన్ను విడిచిపెట్టేశాడనుకుని మందిరానికి రావడం మానేశాను. సుగుణ ఎన్నాళ్లో ఓర్చుకుంది, చివరికి ఒక ఆదివారం బైబిలు చంకన పెట్టుకుని, నా మొహంలో మొహం పెట్టి, పెదాలు చూసి నేను పోల్చుకునేలా ఒక్కో మాటా విడదీసి అరిచింది.

"దేవుడు మీ సెవుల్లో కాపరం ఉన్నాడేటండీ, సెవులు పోతే ఎలిపోడానికి!"

సెక్టర్ 2లో మా క్వార్టర్ల వరుసంతా వినుంటుంది, పక్కింటాయన "క్యా హువా భయ్యా?", ఏమైందన్నా అంటూ బయటికొచ్చాడట!

ఆమె వెళ్లిపోయాక మంచం మీద కూర్చుని ఏడ్చాను. "ప్రభువా, నీ మాట నాకు వినబడటం లేదు, నా మాటైనా నీకు వినబడుతోందా?" అన్నాను. అంతలో నా నోటి వెంట దానంతటదే "స్తోత్రం" అని వచ్చింది. అది నాకు వినబడలేదు సహోదరులారా, కానీ నా రొమ్ములో అదిరింది! రొమ్ము మీద చెయ్యి వేసుకుని మళ్లీ అన్నాను, మళ్లీ అదిరింది. ఇంత చేదు నిండిన గుండెలోంచి స్తోత్రం పలికించింది ఎవరు? నేనైతే కాదు! బయట ఎక్కడో వెతుకుతున్న నా దేవుడు లోపలే ఉన్నాడు, ఎప్పుడూ వెళ్లలేదు. ఆ క్షణాన నా మీదున్న బరువంతా దిగిపోయింది.

సైకిలెక్కి ఇక్కడికే వచ్చాను, మీరు పాడుతున్నారు, నేనూ అందుకున్నాను. మీ నోళ్లు ఆగిపోయాయి, నా రొమ్ములో మాత్రం పాట ఆగలేదు. భయంగా సుగుణ వైపు చూశాను, ఇప్పుడు అరచెయ్యి చాపుతుందనుకున్నాను. ఆమె కళ్లనిండా నీళ్లతో వేలు పైకెత్తి తిప్పింది!

దేవునికే మహిమ! నా చెవులు ఈ రోజుకీ రాలేదు, అయినా నాకు కొదువ లేదు. దేవుడు దూరమైపోయాడని కుమిలిపోతున్నవారు ఇక్కడ ఎవరైనా ఉంటే, మీ రొమ్ము మీద చెయ్యి వేసుకుని ఆయన్ను ఒక్కసారి స్తుతించి చూడండి. గొంతు వణికితే నా వైపు చూడండి, నేను వేలు తిప్పుతూనే ఉంటాను.