ఆగ్నేయం మూల ఎండ

నోరు ఊరుకోకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక అది ముదిరింది. రోజూ పొద్దున్నే బెంజ్ సర్కిల్ దగ్గర టిఫిన్‌కి చేరే మిత్రబృందం ఒకటి ఉంది మాకు. ఇడ్లీ వచ్చేలోగా నేను దేశాన్ని విదేశీ చమురు నుంచి విముక్తం చేసేసేవాణ్ణి. ఎక్కడో గల్ఫ్‌లో గొడవైతే ఇక్కడ ఆటో చార్జీ పెరగడం మనకు సిగ్గుచేటు అనేవాణ్ణి. ప్రభుత్వమే సబ్సిడీ ఇస్తాను, ఇంటి మీద సోలార్ పెట్టుకోండి మహాప్రభో అంటుంటే కదలని జనాన్ని ఏమనాలి అనేవాణ్ణి. ఒకరోజు మాలో తక్కువ మాట్లాడే రిటైర్డ్ లెక్చరర్‌గారు ఇడ్లీ ముక్కను చట్నీలో అద్దుకుంటూ, "మీ ఇంటి మీద ఉందాండీ మరి?" అన్నారు.

లేదు. ఆ మధ్యాహ్నమే అప్లై చేశాను. నా దేశభక్తి పుట్టుపూర్వోత్తరాలు ఇవీ.

ఆ సంగతి గొప్పగా చెబితే ఆయనే మళ్లీ, "కరెంటు ఎక్కువగా బొగ్గుతో కదండీ వచ్చేది. చమురుకేం సంబంధం?" అన్నారు. నా ఉపన్యాసాన్ని కాపాడుకోవడం కోసం పాత బండి అమ్మేసి ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాను. ఇప్పుడుందండీ సంబంధం అన్నాను. ఆయన ఇంకో ఇడ్లీ చెప్పుకున్నారు.

సోలార్ కంపెనీ నుంచి ఒక ఇంజనీరమ్మాయి వచ్చి డాబా అంతా చూసింది. మాది తూర్పు ముఖం ఇల్లు. మెట్లగది ఉత్తరం వైపు ఉంటుంది.

"అంకుల్, మెట్లగది కప్పు మీద స్టాండు వేస్తే డాబా మొత్తం మీకు ఖాళీగా ఉంటుందండీ" అంది.

"ఉత్తరం కుబేర స్థానమమ్మా. ఆయన నెత్తిన ఇనుము పెడతామా? కరెంటంటే అగ్ని. అగ్ని అంటే ఆగ్నేయం. ఆ మూల పెట్టెయ్యండి" అన్నాను.

ఇలాంటివి రోజూ వింటుంది కాబోలు, ఆ అమ్మాయి వెంటనే టేపు తీసింది. వాస్తు అన్నాను గానీ అందులో వాస్తు సగమే. వీధిలో పోయేవాళ్లకు బాగా కనపడేది ఆ ఆగ్నేయం మూలే.

మా ఆవిడ మెట్ల మీదే నిలబడి ఇదంతా వింది. "మరి నా మాగాయ ముక్కలు ఎక్కడ ఎండబెట్టుకోనండీ?" అని అడిగింది. వెనక వీధిలో అపార్ట్‌మెంటు లేచిన దగ్గర్నుంచి, మధ్యాహ్నం దాటాక మా డాబా మీద ఎండ నిలిచేది ఆ మూల ఒక్కటే. "స్టాండు తలెత్తు ఉంటుందిలే, దాని కింద బోలెడంత చోటు" అన్నాను. నీడలో ఎండబెట్టుకోమంటున్నానన్న సంగతి ఆ క్షణాన నాకు తట్టలేదు. ఆవిడకు తట్టింది. నా ముఖంలోకి ఒకసారి చూసి కిందికి వెళ్లిపోయింది.

పలకలు బిగించారు. కరెంటు ఆఫీసు నుంచి అధికారి వచ్చి ఫొటోలు తీసుకున్నారు. సబ్సిడీ పడింది. నేను వీధి అవతలి పక్కకు వెళ్లి, ఏదో పని ఉన్నట్టు నిలబడి, మా ఇంటిని చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

మే నెల వచ్చింది. మాగాయ అంటే మా ఇంట్లో వట్టి పచ్చడి కాదు. మా ఆవిడ అక్కగారు గన్నవరంలో ఉంటారు. పెద్ద జబ్బు చేసి లేచాక ఆవిడకు నోటికి ఏదీ సహించడం లేదు. చెల్లెలి చేతి మాగాయ కలిపితేనే నాలుగు ముద్దలు దిగుతాయి. పోయినేటి జాడీ అడుగంటిందని వేసవి మొదట్లోనే కబురు వచ్చింది.

మా ఆవిడ పుల్లటి మామిడికాయలు తెప్పించి, చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ వేసి ఊరబెట్టింది. మూడో రోజు ముక్కల్ని పిండి, డాబా మీద నా ప్రభుత్వ పథకం కింద ఆరేసింది. సాయంత్రానికి అవి పొద్దున ఎంత తడిగా ఉన్నాయో అంత తడిగానే ఉన్నాయి. అప్పుడు నాకు గొప్ప ఆలోచన వచ్చింది. టేబుల్ ఫ్యాను పైకి మోసుకెళ్లి ముక్కల మీదికి తిప్పాను. "ఇదీ ఎండేనే! పైన పడుతోంది, కరెంటవుతోంది, గాలిగా నీ ముక్కల మీదికే వస్తోంది" అని చెప్పాను. ఇది నేను మనస్ఫూర్తిగా అన్న మాట.

జాడీకెత్తిన కొద్ది రోజులకే తెల్లగా బూజు కట్టింది. ఆ జాడీ ముందు కూర్చుని మా ఆవిడ ఏడ్చింది. కాపురానికి వచ్చాక ఆవిడ పెట్టిన మాగాయ పాడవడం అదే మొదలు. "మీరు దేశాన్ని బాగుచెయ్యండి, నేనొద్దనను. మా అక్క ఏం తింటుందండీ?" అంది.

గల్ఫ్ దేశాల గురించి గంట మాట్లాడగలను. ఆవిడ అక్కగారు ఏం తింటారో మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు. చాలా సిగ్గేసింది.

పుల్లటి కాయల రోజులు అయిపోవస్తున్నాయి. ఇంజనీరమ్మాయికి ఫోన్ చేసి, మెట్లగది మీదికి మార్చాలమ్మా అన్నాను. ఫొటో తీసిన చోటు నుంచి కదిపితే సబ్సిడీ వెనక్కి లాక్కుంటారేమోనని నా భయం.

"మేం ఆఫీసులో చెప్పి మారుస్తామండీ, భయం లేదు. మరి కుబేరుడో అంకుల్?" అంది.

"ఆయన సర్దుకుంటాడమ్మా" అన్నాను.

ఆగ్నేయం మూల ఖాళీ అయింది. ఆలస్యంగా దొరికిన కాయలతో మా ఆవిడ మళ్లీ మొదలుపెట్టింది. ముక్కలు ఆరేసి, నా చేతికి ఒక గొడుగూ ఒక కర్రా ఇచ్చి, "కాకులు రాకుండా చూడండి" అంది. చేసిన పనికి అది చిన్న శిక్షే అనుకున్నాను. పన్నెండు దాటేసరికి గొడుగు గుడ్డలోంచి కూడా ఎండ మాడు మీద దిగింది. గచ్చు మీద అరికాలు ఆనించలేకపోయాను. ఇన్నేళ్లుగా ఏటా ఈ ఎండలో ఆవిడ ఒక్కతే నిలబడుతుంటే నేను కింద ఏసీలో పేపరు చదువుకున్నాను. సూర్యశక్తి గురించి నేను ఊరందరికీ చెప్పాను. సూర్యుడెలా ఉంటాడో నాకు తెలిసింది ఆ రోజే.

ముక్కలు గలగలలాడేదాకా ఎండాయి. మా ఆవిడ పచ్చడి కలిపింది. నాలుగు రోజులు ఊరాక, జాడీ స్కూటర్ ముందు పెట్టుకుని, ఆవిణ్ణి వెనక ఎక్కించుకుని గన్నవరం వెళ్లాను.

వదినగారు బాగా చిక్కిపోయారు. నన్ను చూసి, "ఏవండీ మరిదిగారూ, సోలారు పెట్టారటగా, ఎలా ఉంది?" అని ఓపిక తెచ్చుకుని పలకరించారు. బాగుందండీ అని ఊరుకున్నాను. మా ఆవిడ వేడన్నంలో మాగాయ వేసి, నెయ్యి పోసి, కలిపి పళ్లెం అందించింది. మొదటి ముద్ద వదినగారి నోట్లోకి వెళ్లేదాకా మేమిద్దరం ఆ చేతి వంకే చూస్తున్నాం. మెల్లగా నమిలారు. ఇంకో ముద్ద తీసుకున్నారు. కాసేపటికి పళ్లెం ఖాళీ చేసి చెల్లెలి వైపు జరిపారు.

"ఇంకొంచెం కలపవే" అన్నారు.