స్నానాలగది గొట్టం, మామ్మ కొబ్బరిచెట్టు

మా ఇంటి గోడల్లోనూ నేలలోనూ ఎన్ని రకాల గొట్టాలున్నాయో, ఆ ఇల్లు కట్టించిన తాతగారికి తప్ప ఎవరికీ తెలీదు. ఆయన పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది. అమలాపురం దగ్గర పల్లెలో, యాభైల్లో కట్టిన పెంకుటిల్లు మాది. ఏ ఏడు ఏది దొరికితే అది వేయించుకుంటూ పోయారు కాబోలు, మూలకొక రకం ఉండేది. తొంభైల్లో, నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో, ఒక వర్షాకాలం స్నానాలగది తూములో నీళ్ళు దిగడం మానేశాయి. అప్పుడు తప్పలేదు ఆ గొట్టాల సంగతి తేల్చుకోవడం.

తాపీమేస్త్రి వచ్చి తూములో వెదురుబద్ద పెట్టి కెలికాడు. కొసకి సన్నటి ఎర్రటి వేళ్ళు చుట్టుకుని వచ్చాయి. ఆయన గోడ పక్కనున్న కొబ్బరిచెట్టు వైపు చూశాడు. అది మామ్మ చెట్టు. మామ్మంటే మా నాన్నగారి అమ్మ. కాపురానికొచ్చిన ఏడాది తన చేత్తో నాటిందట.

"మట్టి గొట్టమై ఉంటదండీ. అతుకుల్లోంచి ఏళ్ళు దూరిపోయేయి. చెట్టు తీయించేస్తే గానీ లాభం లేదండి," అన్నాడు.

నాన్న సరేనన్నారు. మామ్మ అరుగు మీంచి విసురుగా లేచి నాన్న మీదికొచ్చింది.

"మట్టిదని నీకెవరు చెప్పేరు? ఇనప గొట్టం వేయించేనని మీ నాన్నగారు నాతో చెప్పేరు. కాకినాడ నుంచి తెప్పించేరు. ఇనుములోకి వేళ్ళెలా దూరతాయిరా? కన్నకొడుకు కూడు పెట్టకపోయినా కొబ్బరిచెట్టు పెడుతుందని ఊరికే అన్నారా! ఆ మాట అన్నవాళ్ళకి నీలాంటి కొడుకే ఉండుంటాడు."

నాన్నకి రోషం వచ్చింది. గొట్టం ఏమిటో తేల్చాకే చెట్టు సంగతి చూద్దామన్నారు. ఇనుమైతే చెట్టు బతికినట్టు, మట్టైతే పోయినట్టు.

పాడైపోయిన రేడియో స్పీకరులోంచి తీసిన అయస్కాంతం నాన్న దగ్గర ఉండేది. నేలలోది పైకి తీసేలోగా ఇంట్లో పైకి కనిపించే గొట్టాలన్నిటికీ పరీక్ష పెట్టేశారు. పెరట్లో నీళ్ళ గాబు మీది కుళాయి గొట్టానికి అయస్కాంతం అతుక్కుంది. కొసన మరలు కోసి ఉన్నాయి. జింకు పూత పూసిన ఇనప గొట్టం, జీఐ పైపన్నమాట. చూరు నుంచి వాననీళ్ళు దింపే లావుపాటి గొట్టానికీ అతుక్కుంది. అది పోత ఇనుము, రాయితో కొడితే గుడి గంటకి జలుబు చేసినట్టు మోగేది. వంటింట్లో ఉన్న చిన్న గొట్టానికి మాత్రం అతుక్కోలేదు. చాకుతో గీకితే బెల్లంలా మెత్తగా దిగి లోపల వెండిలా మెరిసింది. సీసం! విషమని అమ్మ ఆ రోజు నుంచి ఆ గొట్టం నీళ్ళు గిన్నెలు కడగడానికి కూడా వాడలేదు. ఇప్పటికీ పాత ఇళ్ళకి వెళితే చెయ్యి ఊరుకోదు, గోడ మీది గొట్టాన్ని ఒక్కసారి కొట్టి చూస్తాను. ఆ ఇంటివాళ్ళు నాకేదో అయిందనుకుంటారు. అనుకోనీ.

చివరికి తూము దగ్గర గచ్చు పగలగొట్టారు. కనిపించిన గొట్టానికి అయస్కాంతం ఠక్కున అతుక్కుంది. మామ్మ సంబరం చూడాలి! మేస్త్రికి తనే కాఫీ కలిపి తెచ్చింది.

ఆయన కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, "ఆయ్, ఇక్కడిది ఇనపదేనండి మామ్మగారూ. గోడ దాటేక ఏవేసేరో చూడాలండి," అని మళ్ళీ గునపం అందుకున్నాడు.

గోడ దాటాక మట్టి గొట్టమే ఉంది. గోధుమరంగు మెరుగు పూసిన, కాల్చిన మట్టి. కొడితే కుండలా పలికింది. అయస్కాంతం పెడితే జారి గోతిలో పడింది. మామ్మ ఖాళీ కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నోరున్న మనిషి అలా వెళ్ళిపోతే నాకు ఏడుపొచ్చింది.

చెట్టు మొదలు దాకా తవ్వారు. అంతవరకూ అతుకులన్నీ సిమెంటుతో గట్టిగా మూసి ఉన్నాయి. చెట్టు దగ్గరి అతుకులో మాత్రం వేలెడంత సందు. కింద ఇటుకముక్కలు పద్ధతిగా పేర్చి ఉన్నాయి. మన్ను పడకుండా పైన పెంకు కప్పి ఉంది. సందు నిండా వేళ్ళే.

"ఇది ఇరిగింది కాదండి బాబుగారూ. చెట్టుకి నీరెళ్ళాలని కావాలనే ఒదిలేరండి," అన్నాడు మేస్త్రి.

మామ్మ గోతి అంచుకొచ్చి కూర్చుంది. లోపలికి తొంగి చూసింది.

"నువ్వు కడుపులో ఉన్నావురా అప్పుడు," అంది నాన్నతో. "ఎండల్లో నూతి నుంచి బిందెలు మోసి ఈ మొక్కకి పోసేదాన్ని. 'చస్తావా ఏవిటి, మొక్క పోతే పోయింది' అని అరిచేరు. ఆ మాటకి ఎంత ఏడ్చేనో! నన్ను పురిటికి పంపించేక ఈ తూము వేయించేరు. బిడ్డనెత్తుకుని తిరిగొచ్చేసరికి మొక్క మొదట్లో ఎప్పుడూ తడే. నేల చలవనుకున్నాను ఇన్నాళ్ళూ. ఒక్కమాట చెప్పలేదు చూడు మనిషి!"

కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "సరే, మట్టిదేగా. నీ మాటే నెగ్గింది. కొట్టించెయ్యి," అంది.

నాన్న చెట్టు కొట్టించలేదు. మర్నాడు పీవీసీ పైపులు తెప్పించారు. మేస్త్రి ఒక్కొక్క అతుక్కీ అతికించే సొల్యూషన్ రాసుకుంటూ వచ్చి చెట్టు దగ్గర ఆగాడు.

"ఇక్కడ రాయకండి మేస్త్రిగారూ," అన్నారు నాన్న.

"లీకవుద్దండీ."

"అవ్వాలనే."

"మళ్ళీ ఏళ్ళొచ్చేస్తాయండి బాబుగారూ."

"వస్తే మళ్ళీ తవ్వుదాం లెండి."

తవ్వాం. మామ్మ పోయాక కూడా తవ్వాం. ప్రతిసారీ విసుక్కుంటూనే నాన్న ఆ వేళ్ళు కోయించేవారు, సందు మాత్రం దగ్గరుండి మళ్ళీ వదిలించేవారు.