ఆరు వందల ఏళ్ల కాంపౌండర్

1938 మొదట్లో నేను నాగర్‌కర్నూల్ సర్కారు దవాఖానలో కాంపౌండర్‌గా పనిచేస్తున్నాను. అప్పటికి ఆరేళ్ల సర్వీసు. కాంపౌండర్ పని బయటివాళ్లు అనుకునేంత తేలిక కాదు. డాక్టర్ రాసిన నుస్ఖా, అంటే మందుచీటీ, చదివి, దినుసులు తూచి, నూరి, కలిపి, సీసాకు మోతాదు గీతల కాగితం అంటించి ఇవ్వాలి. నుస్ఖాలో ఒక్క అక్షరం మార్చే హక్కు అతనికి లేదు. అనుమానం వస్తే వెళ్లి అడగాలి తప్ప సొంత తెలివి చూపించకూడదు. ఆరేళ్లలో నేను కలిపిన మందు తప్పని ఒక్కసారీ తిరిగి రాలేదు. గొప్పలు చెప్పుకుంటున్నాననుకుంటే అనుకోండి, ఆ మాత్రం గొప్పకు నాకు హక్కుంది.

అయితే కాంపౌండర్ ఎంత బాగా పనిచేసినా కాంపౌండర్‌గానే ఉండిపోతాడు. ఆ సంగతి నన్ను లోపల తొలుస్తూ ఉండేది. మా డాక్టర్ సాబ్‌కు మద్రాసు నుంచి ఇంగ్లీషు పేపరు వచ్చేది. ఆయన చదివాక నాకిచ్చేవారు. అందులో ఒకనాడు మలయా దేశపు రబ్బరు తోట ప్రకటన చూశాను. తెలుగు మాట్లాడే కూలీలున్న తోటకు తెలుగు వచ్చిన డ్రెస్సర్ కావాలట. తోట ఆసుపత్రిని రోజూ నడిపే మనిషిని అక్కడ డ్రెస్సర్ అంటారు. డాక్టర్ పదిహేను రోజులకోసారి వచ్చి చూసిపోతాడు. మిగతా రోజుల్లో జ్వరమైనా, గాయమైనా, పాముకాటైనా డ్రెస్సరే చూసుకోవాలి. అది నా పని అని ఆ నిమిషంలోనే నాకనిపించింది.

ఆ రోజుల్లో చాలామంది ముందు ఓడ ఎక్కి, దిగిన చోట పని వెతుక్కునేవారు. మా నాయన అట్లాగే నలుగురి మాట నమ్మి దూరదేశం మట్టిపనికి వెళ్లి, అక్కడ పని లేక, రెండేళ్లకు చిక్కి సగమై మా సొంతూరు గద్వాల చేరాడు. నేను ఆ దారి పట్టదలచుకోలేదు. నా భార్య సారమ్మ కూడా అదే మాట చెప్పింది.

"పని కాయితం చేతిల వడ్డంకనే పోదాం. పోయినంక దొర్కుతదంటె నేను రాను, నిన్ను పోనియ్య" అంది.

గద్వాల మిషన్ బడిలో చదివినందువల్ల నాకు ఇంగ్లీషు వచ్చు. దరఖాస్తు నేనే రాశాను. డాక్టర్ సాబ్ ఏటేటా ఇచ్చే సర్వీసు సర్టిఫికెట్లు ఉర్దూలో ఉన్నాయి కనుక వాటిని ఇంగ్లీషులోకి మార్చి, నకళ్లు జతచేశాను. నుస్ఖా చూసి మందు కలిపినంత జాగ్రత్తగా, అంకెకు అంకె, మాటకు మాట దించాను. నిజాం సర్కారు టపా రియాసతు, అంటే నిజాం రాజ్యం, హద్దు దాటదు. బయటి దేశానికి ఉత్తరం పంపాలంటే గద్వాలలో ఉన్న అంగ్రేజీ వాళ్ల టపా ఆఫీసుకు పోవాలి. వనపర్తి దాకా బండి మీద, అక్కడి నుంచి వనపర్తి రోడ్డు స్టేషన్‌కు, రైల్లో గద్వాలకు వెళ్లి వేసి వచ్చాను. జవాబుకు మా అక్క భర్త చిరునామా ఇచ్చాను. ఆయన గద్వాల స్టేషన్‌లో పాయింట్స్‌మన్. ఇంత చాటుగా ఎందుకంటే, పైవాళ్ల అనుమతి లేకుండా బయటి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడం మా సర్వీసులో తప్పు. తెలిస్తే ఉన్న ఉద్యోగం ఊడేది.

రెండు నెలలకు బావ జవాబు పట్టుకుని స్వయంగా నాగర్‌కర్నూల్ వచ్చాడు. తోట మేనేజరు ఉత్తరం నాలుగు వాక్యాలే. మీ సర్టిఫికెట్ ప్రకారం మీరు 1341వ సంవత్సరం నుంచి ఉద్యోగంలో ఉన్నారు, ఆ లెక్కన మీ సర్వీసు దాదాపు ఆరు వందల ఏళ్లు. అంత అనుభవం గలవారికి తగిన ఉద్యోగం మా దగ్గర లేదు. దొంగ సర్టిఫికెట్లు మాకు చాలా వస్తుంటాయి. ఇది అట్లాంటిది కాదని, ఈ ఉత్తరం మీకు అందిన మూడు వారాల్లో రుజువు రాకపోతే మరొకరిని తీసుకుంటాం.

నాకు ఒళ్లు మండింది. మా రియాసతులో సర్కారు కాగితాలన్నీ ఫసలీ అనే సంవత్సరాల లెక్కన నడుస్తాయి. అంగ్రేజీ సంవత్సరానికీ దానికీ అయిదువందల తొంభై ఏళ్ల తేడా. నేను 1341 ఆజుర్ నెలలో చేరాను, అంటే 1931 అక్టోబరు. మాకందరికీ తెలిసిన సంగతి కనుక, సముద్రం అవతల మనిషికి తెలియదని తోచనే లేదు. అంకె మార్చకూడదన్న నియమమే నా కొంప ముంచింది.

బావ వెంటనే ఉపాయం చెప్పాడు.

"గింతదానికి పరేషాన్ ఎందుకు బామ్మర్దీ? మా స్టేషన్ కాడ అర్జీలు రాసేటాయన ఉన్నడు. అంగ్రేజీ తారీఖులేసి కొత్త సర్టిఫికెట్ టైపు కొట్టిస్తడు. మొహర్ ముద్ర గూడ ఆయనే సూస్కుంటడు."

"దొంగ కాయితమని వాడు ఊకెనే అన్నడు బావా. గిప్పుడు నిజంగనే దొంగ కాయితం పంపమంటవా?" అన్నాను కాస్త గట్టిగానే. బావ మొహం ముడుచుకున్నాడు.

ఇక మిగిలిన దారి ఒక్కటే. సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టర్ సాబ్ దగ్గరికే వెళ్లాలి. వెళ్తే నా తప్పు నేనే ఒప్పుకున్నట్టు. ఆయన కఠినమైన మనిషి. వేళ దాటి వచ్చిన నౌకర్లను గుమ్మంలోనే నిలబెట్టేవారు. జిల్లా సివిల్ సర్జన్‌కు ఒక ముక్క రాస్తే మలయా సంగతి అటుంచి నాగర్‌కర్నూల్ కూడా ఉండదు. భయపడ్డాను, దాచుకోవడం ఎందుకు? తోడు రమ్మంటే సారమ్మ రాలేదు. "సాబ్ తిడితే తిట్టించుకో. అబద్ధమైతే ఆడకు" అని పంపింది.

రోగుల వరస అయిపోయాక ఉత్తరం ఆయన ముందు పెట్టి, జరిగినదంతా చెప్పాను. ఆయన రెండుసార్లు చదివారు.

"ఏం మియా, నా పేపర్ల జూసి నా దవాఖాననే ఇడిచి పోతవా?" అన్నారు.

"తప్పయింది సాబ్. గని పోవాల్నని ఉంది" అన్నాను.

ఆయన లేచి అల్మారా తాళం తీసి, విషాల రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టారు. నల్లమందు, కుచిలసత్తు వంటి విషపు మందులు ఎంత వచ్చాయో, ఏ రోగికి ఎంత వాడామో, ఎంత మిగిలిందో రోజూ అందులో రాయాలి. ఆరేళ్ల రాత నాదే. ఆయన ఒక్కో ఏడాది తిరగేస్తూ పోయారు. కొట్టివేత ఉందా అని చూస్తున్నారని అర్థమైంది. కొట్టివేత లేదు. ఆయన కుర్చీలో కూర్చుని కలం తీశారు.

ఇంగ్లీషులో రాసిన ఆ ఉత్తరాన్ని పంపే ముందు నాకే చదవమని ఇచ్చారు. ఫసలీ లెక్కను రెండు వాక్యాల్లో వివరించి, ప్రతి తారీఖు పక్కనా అంగ్రేజీ తారీఖు వేసి, కింద దవాఖాన మొహర్ కొట్టారు. ఆఖరున ఇట్లా ఉంది: "ఈ మనిషి అంకె మార్చి పంపి ఉంటే మీకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఉద్యోగం పోతుందని తెలిసి కూడా మార్చలేదు. విషాల అల్మారా తాళం చెవి మీరు ఎట్లాంటివాడికి ఇవ్వదలచుకున్నారో మీరే ఆలోచించుకోండి."

నా జీవితంలో తరవాత చాలా మెప్పులు వచ్చాయి. ఆ మూడు వాక్యాలకు సాటి వచ్చింది ఒక్కటీ లేదు. సివిల్ సర్జన్‌కు ఆయన ఏమీ రాయలేదు. గడువుకు ముందే ఉత్తరం చేరింది, నియామకపు కాగితం వచ్చింది. అది చేతిలో పడ్డాకే రాజీనామా ఇచ్చాను. సారమ్మతో కలిసి మద్రాసులో ఓడ ఎక్కాను.

కాగితం నిజమైతే చాలదని, చదివేవాడికి అది అర్థం కావాలని, అయితే అర్థం కావడం కోసం దాన్ని మార్చకూడదని, పక్కన వివరం రాయాలని ఆ వ్యవహారం వల్ల నేర్చుకున్నాను. చాలా ఏళ్లకు డ్రెస్సర్లను ఎంపిక చేసే పని నా చేతికి వచ్చింది. తలాతోకా తెలియని సర్టిఫికెట్లు ఎన్నో వచ్చేవి. ఒక్కదాన్నీ వివరం అడగకుండా పక్కన పెట్టలేదు. అట్లా ఉత్తరం రాసి అడిగి తీసుకున్నవాళ్లలో ఇద్దరు నాకన్నా మంచి డ్రెస్సర్లయ్యారు.