మామిడి మండీలో గుండు సాక్ష్యం

చిత్తూరుకు ఎందుకు పోయావని అడిగినవాళ్లందరికీ నా జవాబు ఒకటే: ఒక గుండు చూడటానికి. తిరుపతిలో కాపురముంటూ గుండు చూడటానికి డెబ్బై కిలోమీటర్లు బస్సులో పోయినవాడు నేనొక్కడినే అయ్యుంటాను. అలిపిరి దగ్గర కాసేపు నిలబడితే కళ్లు చెదిరేన్ని గుండ్లు కనపడతాయి. కానీ నాకు కావలసింది ఒకే ఒక్క గుండు. అది ఎన్నాళ్ల కిందటిదో తేల్చాలి.

ఇంటర్నెట్లో మాకొక ఫొటోల గుంపు ఉంది. సోమవారం ఒక విషయం ఇస్తారు. ఆ వారంలోనే ఫొటో తీసి శనివారంలోగా పెట్టాలి, ఆదివారం అందరూ చూస్తారు. నియమాలు మూడే. పాత ఫొటో పెట్టకూడదు, మూలన తేదీ కనపడాలి. చూసినవాడు ఒక వంక, ఒక మెప్పు, రెండూ రాయాలి. ఊరికే సూపర్ అని రాసి పోతే ఒప్పుకోరు. మాలో ఫొటోగ్రఫీ చదువుకున్నవాడు ఒక్కడూ లేడు. పదో తరగతి గట్టెక్కని నేను సైకిలు స్పేరుపార్టుల అంగడి మూసేసి, పక్కనున్న నెట్ సెంటర్లో కూర్చుని ఇంజనీర్ల ఫొటోలకు వంకలు రాస్తుంటాను. వంకలు నాకు చెప్పకుండానే వస్తాయి. మెప్పు దగ్గరే చెయ్యి ఆగిపోతుంది.

ఆమధ్య ఒక వారం విషయం ‘గుండ్రం’. చిత్తూరులో వాళ్ల నాయన మామిడి మండీలో కాటా చూసుకునే మునిరత్నం అనే సభ్యుడు మల్గోవా కాయల రాశి ఫొటో పెట్టాడు. కాయల మధ్యలో, వెనకవైపు నుంచి, గంధం పూసిన గుండు ఒకటి. ఏది కాయో ఏది తలో తెలియడానికి రెండోసారి చూడాలి. ఆ ఫొటోకు మెప్పు రాయడానికి నేను కూడా తడుముకోలేదు. అంతలో హైదరాబాదు సభ్యుడొకాయన మూలనున్న తేదీ చూశాడు. ఎన్నో ఏళ్ల కిందటి జనవరి ఒకటి. పాత ఫొటో పెట్టి మోసం చేశాడని రాసేశాడు. జనవరిలో మల్గోవా ఎక్కడిదని ఆయనకు తోచలేదు. కెమెరాలో తేదీ తప్పు, ఆ గుండు మా నాయనది, ఈ వారమే కొండ మీద ఇచ్చాడు అని మునిరత్నం మొత్తుకున్నాడు. వాళ్ల నాయన మా గుంపుకు తెలిసినవాడే. ఎండాకాలంలో ‘నవ్వు’ అనే విషయానికి తెల్లటి ఒత్తు జుట్టుతో కనపడి అందరి మెప్పూ పొందాడు. అయినా వెనకనుంచి తీసిన గుండు ఎవరిదైనా కావచ్చుగా అన్నాడు హైదరాబాదు ఆయన. గుంపును నడిపే బెంగుళూరు మేడమ్ శనివారం దాకా గడువిచ్చింది. తేలకపోతే మునిరత్నం పేరు తీసేస్తారు. తిరుపతి దగ్గర కాబట్టి చూసి రమ్మని నాకు పురమాయించింది. నేను ఎవరినీ వెనకేసుకురానని అందరికీ తెలుసు. సాక్షికి అంతకన్నా ఏం అర్హత కావాలి?

గురువారం పొద్దున ఏడింటికి తిరుపతి బస్టాండులో ఆర్డినరీ బస్సెక్కాను. టిక్కెట్టు నలభై లోపే. ఎక్స్‌ప్రెస్ అయితే కొంచెం ముందు చేరుస్తుంది కానీ, ఫొటోలు తీసుకునేవాళ్లకు ఆర్డినరీనే మేలు; ప్రతి ఊళ్లోనూ ఆగుతుంది, ఆగినప్పుడల్లా ఒక ఫొటో. చంద్రగిరి దాటాక కొండలు వెనకబడతాయి. పాకాల దాపులకు వచ్చేసరికి రోడ్డుకు రెండువైపులా మామిడి తోటలు, గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి లోడుతో వరసగా నిలబడ్డ ట్రాక్టర్లు. వాటికోసం నేను కెమెరా కిటికీ బయటకు చాపితే కండక్టరు వచ్చాడు.

“చెయ్యి లోపల పెట్టుకోప్పా.”

“చెయ్యి గాదన్నా, కెమెరా.”

“చెయ్యి అయితే కట్టు కట్టిచ్చుకుంటావు. అది పడితే ఏం జేస్తావు?”

లోపల పెట్టుకున్నాను. కాణిపాకం క్రాసులో సగం బస్సు ఖాళీ అయింది. తొమ్మిది దాటాక చిత్తూరు. బస్టాండు దగ్గర్లో ఒక చిన్న హోటల్లో దోసెలు, వాటితో ఊరిబిండి. వేరుశనగ గింజలు, ఎండుమిరప కలిపి నూరిన ఆ పచ్చడి ఎర్రగా ఉంటే దగ్గరనుంచి ఫొటో తీస్తున్నాను. దోసె పోస్తున్న ఆమె అట్లకాడ ఆపి చూసింది.

“తినేదానికా అన్నా, చూసేదానికా?”

“రెంటికీ.”

“అయితే రెండు ప్లేట్ల దుడ్డియ్యి.”

ఇంకో ప్లేటు తిని ఆ తగువు తీర్చుకున్నాను. అక్కడినుంచి మండీకి ఆటో ఇరవై రూపాయలు. ముప్పై అడుగుతాడు, దిగి నడుస్తున్నట్టు రెండడుగులు వేస్తే ఇరవైకి వస్తాడు.

మునిరత్నం నన్ను ఎప్పుడూ చూసినవాడు కాదు. ఆ అవకాశం వదులుకోవడం ఎందుకని, నాయుడుపేట నుంచి కాయ కొనడానికి వచ్చినవాడిలాగా మండీలోకి పోయాను. రేకుల కింద గడ్డి పరిచి కాయలు రాశులుగా పోశారు. ముప్పై దాటిన మనిషి ఒకడు కాటా దగ్గర ఉన్నాడు. రాశి పక్కన తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన కూర్చున్నాడు. ఆయనే చెంగల్రాయుడు, మునిరత్నం నాయన.

“మల్గోవా ఎట్లా పెద్దాయనా?”

“మొదల కాయ సూసుకో. బేరం ఆనక.”

నేను రాశి చుట్టూ తిరగకుండా ఆయన చుట్టూ తిరిగాను.

“ఏందప్పా, కాయ సూస్తావా, నన్ను సూస్తావా?”

“తువ్వాలు కింద సరుకు ఎట్లుండాదో చూద్దామని.”

కాటా దగ్గరున్న మనిషి గబుక్కున లేచాడు. “ఈ నోరు నాకు తెలుసు. నువ్వు తిరుపతి అన్నవి గదా?”

నా వంకలు చదివీ చదివీ మాటను బట్టి మనిషిని పట్టేశాడు. ముందు కెమెరా సంగతి చూశాం. పెన్సిల్ సెల్సు తీసి మళ్లీ వేస్తే తెర మీద పాత జనవరి ఒకటి ప్రత్యక్షం. సెల్సు మార్చిన ప్రతిసారీ అది తేదీ అడుగుతుంది, మనవాడు ఏదో ఒకటి నొక్కి ముందుకు పోతాడు. తేదీ ఎందుకు తప్పిందో తేలింది. ఫొటో ఈ ఏటిదేనని తేలాలంటే పెద్దాయన తల కావాలి. ఎండాకాలంలో ఒత్తు జుట్టు, ఇప్పుడు వారం పెరుగుదల. తేదీ సరిగ్గా ఉన్న నా కెమెరాలో అది పడితే చాలు.

“తువ్వాలు తియ్యి పెద్దాయనా, ఒక్క ఫొటో.”

“ఏంటికి?”

కొడుకు ఉన్నదంతా చెప్పాడు. పెద్దాయన శ్రద్ధగా విన్నాడు. “అంటే నా తల సూపీకపోతే వీన్ని ఆ గుంపులోనుంచి తీసేస్తారా?”

“తీసేస్తారు,” అన్నాను.

ఆయన మొహం వెలిగింది. తువ్వాలు ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. “అయితే స్వామి నా మొర విన్నాడు. వీనికి ఈ ఫొటోల పిచ్చి వదిలిపోవాలని మొక్కుకోనే గదప్పా నేను గుండు కొట్టిచ్చుకునింది.”

“పిచ్చి వదలకముందే ఎట్లా ఇస్తివి?”

“ముందే ఇచ్చేస్తే ఆయనకు మొగమాటంగా ఉంటాది గదా.”

మొక్కిన గుండునే కొడుకు ఫొటో తీశాడన్నమాట. నాకు నవ్వాగలేదు. మునిరత్నం నవ్వలేదు.

“ఆదివారం ఒక్క పూటే గదా నాయనా,” అని కాటా దగ్గరికి పోయి కూర్చున్నాడు. తక్కెట్లో కాయలేమీ లేవు. అయినా తూకం రాళ్లు తీసి పెడుతున్నాడు, పెట్టి తీస్తున్నాడు. పెద్దాయన అటు చూసి, చూడనట్టు ఒక కాయ తొడిమ గిల్లాడు.

తొడిమ గిల్లుతూనే నన్నడిగాడు. “ఇంతకీ ఆ హైదరాబాదాయన వీన్ని ఏమన్నాడు?”

“పాత ఫొటో పెట్టి కొత్తదని మోసం చేశాడన్నాడు.”

“అంటే నిన్నటి కాయ అడుగున పెట్టి, ఈ పొద్దు కాయ పైన పేర్చినట్టా?”

“అంతే.”

తొడిమ గిల్లడం ఆగిపోయింది. మండీలో అంతకన్నా పెద్ద తిట్టు లేదని నాకు అప్పుడు తెలిసింది. “ఈ మండీలో ఆ మాట ఇంతవరకూ ఎవురూ అన్లా. వీడు మానుకుంటే మానుకోనీ. పాతకాయ అమ్మినోడు అనిపిచ్చుకోని మానేదానికి లేదు.” తువ్వాలు విప్పి పక్కన పడేశాడు. “తియ్యప్పా.”

తల మీద తెల్లటి మొలకలు వచ్చాయి, బియ్యం చల్లినట్టు. ముందునుంచి ఒకటి తీశాను. తరువాత పోయిన వారం మాదిరే రాశి మధ్యన వెనక్కి తిరిగి కూర్చున్నాడు. కూర్చుని కొడుకును కేకేశాడు. “ఆ కాయ గాదురా, లోపల గంపలోది తే. ఇది మచ్చకాయ. నలుగురు సూసేది.” మునిరత్నం గంప తెచ్చాడు. మెడ ఎటు తిప్పాలో తండ్రికి చెబుతూ, సొంత కెమెరాతో తనూ ఒకటి తీసుకున్నాడు. ఈసారి ముందు తేదీ పెట్టాడు.

నేను బయలుదేరుతుంటే పెద్దాయన ఒక సంచిలో కాయలు పోసిచ్చాడు. “జుట్టు స్వామి దగ్గిరికి పాయె, పిచ్చి వీని దగ్గిర్నే ఉండాది. నాకేం మిగిలింది సెప్పు?”

“గుండు మిగిలింది గదా.”

“అది గూడా మీ గుంపుకే ఇస్తిని.”

శనివారం నేను నా ఫొటోలు పెట్టాను, మునిరత్నం తను తీసుకున్నది పెట్టాడు. మునిరత్నం పేరు అలాగే ఉంది. హైదరాబాదు ఆయన నియమం తప్పకుండా రెండూ రాశాడు. వంక: వెలుతురు తక్కువైంది. మెప్పు: జుట్టు బాగా వస్తోంది. క్షమాపణ అడిగితే నాకంత నచ్చేది కాదు. ఆదివారం మునిరత్నం వాళ్ల నాయనను నెట్ సెంటర్‌కు పిలుచుకుపోయి చూపించాడట. ఆయన చెబితే కొడుకు తన ఫొటో కింద టైపు చేసిన వంక కూడా అక్కడే ఉంది: గంప ఇంకొంచెం ముందుకు పెట్టుండాల్సింది. మెప్పు అడిగితే ‘కాయ మంచిది’ అని రాయమన్నాడట. తీసినవాడి గురించి ఒక్క మాటా లేదు. ఆ కాయ తెచ్చి పెట్టినవాడు, ఆ ఫొటో తీసినవాడు ఒకడే కాబట్టి, నేను దాన్ని మెప్పు కిందే లెక్క వేసుకున్నాను.

మేమందరం ఒకరి మొహం ఒకరు చూడకుండా, వారానికొకసారి ఒకరి ఫొటో ఒకరికి చూపించుకునేవాళ్లం. అది వట్టి కాలక్షేపమే అనుకుని నోటికొచ్చినట్టు రాస్తుంటాను. కానీ ఆ రాత చిత్తూరులో ఖాళీ తక్కెట్లో రాళ్లు మార్చే మనిషి దాకా పోతుందని చూసి వచ్చాను. ఇకమీదట వంకలు తగ్గిస్తానని మాత్రం ఎవరూ ఆశ పెట్టుకోవద్దు. చిత్తూరు మండీలకు ఫొటోల కోసం పోదలచుకున్నవాళ్లకు ఒక్క మాట: మల్గోవా రోజుల్లో పొద్దున పదిలోపు చేరండి, సెల్సు మార్చిన వెంటనే తేదీ సరిచేసుకోండి. అది మరిచిపోతే, కొత్తగా గుండు కొట్టించుకున్న మనిషినొకడిని వెంటబెట్టుకుని పోండి.