ఒక్కొక్కరే వచ్చే శత్రువులు

కత్తియుద్ధాల పగ సినిమాలు తీసే ఒక దర్శకుడి గురించి మా ఆఫీసు గ్రూపులో పొద్దున్నుంచీ వాదనే. అంతమంది శత్రువులు హీరోను చుట్టుముట్టి, ఒక్కొక్కరే ఎందుకు మీదికి వస్తారన్నది ప్రశ్న. ఈ ప్రశ్న నేను ఎనిమిదేళ్లప్పుడే విన్నాను, పత్తికొండలో, మా వీధి కొళాయి పక్కనున్న టీ అంగడి దగ్గర.

నీళ్లు మూడు రోజులకోసారి వచ్చేవి. బిందెలకు నన్ను కాపలా ఉంచి అమ్మ పనికి పోయింది. మాది తొమ్మిదో వంతు. ముందు నాలుగు స్టీలు బిందెలు, మూడు ప్లాస్టిక్‌వి, వంతు కోసం ఎవరో పెట్టిన రాయి ఒకటి. వంతు వచ్చినప్పుడు మనిషి లేకపోతే బిందె చివరికి పోతుంది.

"అందరూ ఒకేసారి పడితే వాడు యాడుంటాడప్పా?" అన్నాడు టీ తాగుతున్న ఒకడు.

"అది స్టైలురా! నెత్తురు గూడా ముగ్గేసినట్టు పడాల," అన్నాడు పక్కవాడు.

నేను మధ్యలో దూరి, "వాళ్లకీ వంతులుండాయన్నా, మన కొళాయి కాడ మాదిరి," అన్నాను. నిజంగా అలాగే నమ్మాను. వాళ్లు పగలబడి నవ్వి, నన్ను బెంచీ మీద కూర్చోబెట్టుకుని తాము చూసిన సినిమా కథ చెప్పారు. నేను దిగేసరికి మా బిందెలు చివర ఉన్నాయి. కొళాయి ఆగిపోయింది.

టమాటా మార్కెట్లో గంపలు మోసి వచ్చిన అమ్మ తిట్టలేదు. నన్ను వెంటబెట్టుకుని ఊరి బయటి బోరుకు నడిచింది. నిండు బిందెతో తిరిగి వస్తుంటే ఆమెకు సినిమా కథంతా చెప్పాను.

"అంతమందితో కొట్లాడితే ఆయప్పకు అలుపు రాదా?" అంది.

"హీరోలకు రాదు మా."

అమ్మ బిందెను రెండో చంకకు మార్చుకుంది.

గ్రూపులో సందేశాలన్నీ చదివాను. అమ్మ అడిగిన ప్రశ్న ఇంకా ఎవరూ అడగలేదు.